క్లెరిక్ ఉంది కదా అని

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాన్ని ఆడే ఏ గుంపులోనైనా "ఈసారి శవాలు లేస్తాయట" అన్న మాట పొక్కగానే అందరి చూపూ క్లెరిక్, అంటే దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్ర, ఆడే మనిషి మీద పడుతుంది. ఫైటర్ అదే కత్తితో వస్తాడు. దొంగదెబ్బల రోగ్ తన విషం సీసాలు లెక్కపెట్టుకుంటాడు. మాంత్రికుడు విజార్డ్ ఎప్పటిలాగే నిద్రపుచ్చే స్లీప్ స్పెల్ సిద్ధం చేసుకుంటాడు. చచ్చి లేచిన అన్‌డెడ్‌లో చాలావాటి మీద విషం పనిచేయదు, స్లీప్ అయితే దేని మీదా పనిచేయదు. అయినా ఎవరికీ టెన్షన్ ఉండదు. క్లెరిక్ ఉంది కదా, చెయ్యెత్తి దేవుడి పేరు చెబితే అన్నీ పారిపోతాయని ధీమా. హన్మకొండలో మా బల్ల దగ్గర క్లెరిక్ ఆడే చెల్లె ఒకసారి తిక్క లేసి, "నేనేమన్న అంబులెన్స్‌నా అన్నా, అందరు నా మీదనే పడ్తరు?" అని అడిగింది. నేను డీఎంని, అంటే ఆట నడిపేవాణ్ని, ఎవరి పక్షమూ వహించకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె పక్షమే.

మిగతా రాక్షసులు మన హెచ్‌పీ, అంటే ప్రాణం పాయింట్లు, తీసుకుంటాయి. రాత్రి పడుకుని లేస్తే అది తిరిగొస్తుంది. అన్‌డెడ్ అంతకుమించి గుంజుకుంటాయి: బలం, వయసు, కాళ్లూ చేతులూ కదిలించే శక్తి, చివరికి మన శవం కూడా. వాటి మీదికి పోయే పార్టీ, అంటే ఆటగాళ్ల జట్టు, ముందుగా తేల్చుకోవాల్సింది ఏం పోగొట్టుకోబోతున్నామో, అది ఎలా తిరిగొస్తుందో, అసలు ఎదురుగా నిలబడ్డవి ఎవరి శవాలో. ఎంత గట్టిగా కొట్టగలం అన్న లెక్క ఆ తర్వాతే. ఇది క్లెరిక్ ఒక్కతే చేసే పని కాదు.

మేం ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలతో. 2024లో సవరించిన పుస్తకాలు వచ్చాయి, అక్కడక్కడా అంకెలు మారాయి. కింద చెప్పే లెక్కలన్నీ పాత పుస్తకాలవే. ఈ ఆట 1974లో మొదటిసారి అచ్చయిన నాటి నుంచీ అన్‌డెడ్‌ను తరమడం క్లెరిక్ వంతుగానే ఉంది. అందుకే అంతా క్లెరిక్ మీద వేసే జబ్బు ఇంత ముదిరింది.

టర్న్ అన్‌డెడ్ అనే శక్తి క్లెరిక్‌కు రెండో లెవెల్‌లో వస్తుంది. ముప్పై అడుగుల లోపల ఉండి ఆమెను చూడగలిగే, లేదా ఆమె మాట వినగలిగే ప్రతి అన్‌డెడ్ విజ్డమ్ సేవ్ (తప్పించుకోవడానికి ఇరవై ముఖాల పాచికతో పరీక్ష) వేయాలి. సేవ్ తప్పితే ఒక నిమిషం పాటు, అంటే పది రౌండ్లు, ఆమెకు దూరంగా పరుగెత్తాలి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. షరతు ఏమిటంటే, పారిపోతున్న దానికి ఏ చిన్న దెబ్బ తగిలినా ఆ ప్రభావం అక్కడికక్కడే పోతుంది, అది మళ్లీ మీదికొస్తుంది. మన పార్టీల పరువు పోయేది ఇక్కడే. ఆమె అరడజను గూల్‌లను, అంటే శవాలు తినే అన్‌డెడ్‌ను, తరుముతుంది. వీపు కనబడింది కదా అని ఫైటర్ ఒకదాన్ని నరుకుతాడు. గుంపుగా దొరికాయి కదా అని విజార్డ్ మధ్యలో ఫైర్‌బాల్ వేస్తాడు. చావకుండా మిగిలినవన్నీ వెనక్కి తిరుగుతాయి. క్లెరిక్ చేతిలో ఆ శక్తి మళ్లీ ఉండదు. విశ్రాంతి తీసుకునేదాకా ఒక్కసారే, రెండుసార్లు కావాలంటే ఆరో లెవెల్ రావాలి. ఇంకో ముచ్చట: పారిపోవడానికి దారి లేని గదిలో తరిమితే అవి మూలకు చేరి డాడ్జ్ చేస్తూ, అంటే దెబ్బలు తప్పించుకుంటూ, నిలబడతాయి, వాటిని కొట్టడం మరింత కష్టమవుతుంది. తరిమే ముందు తలుపు తీసి ఉందా అని చూసే మనిషి పార్టీలో ఒకరుండాలి.

వెనక్కి మళ్లిన సైన్యం మళ్లీ వస్తుందని ఓరుగల్లు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను ముట్టడించి ఒకసారి ఉత్త చేతులతో వెనుదిరిగాడు. మళ్లీ వచ్చాడు. 1323లో కోట పడింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, కాకతీయుల పాలన అక్కడితో సరి. టర్న్ అన్‌డెడ్ ఇచ్చేది కూడా వ్యవధి మాత్రమే. ఆ పది రౌండ్లలో సేవ్ నెగ్గి మిగిలినవాటిని ముందు కొట్టాలి, పడిపోయినవాణ్ని పక్కకు లాగాలి, తలుపు మూయాలి, తరిమినవాటి జోలికి పోకూడదు. ఈ ఒప్పందం సెషన్‌కు ముందే, చాయ్ తాగేటప్పుడే కావాలి. పాచికలు బల్ల మీద పడ్డాక ఎవరూ ఎవరి మాటా వినరు.

ఐదో లెవెల్‌కు చేరితే సేవ్ తప్పిన చిన్నవి అక్కడికక్కడే నాశనమవుతాయి కదా అంటారు. నిజమే. సీఆర్ (ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) అర లేదా అంతకు తక్కువ ఉన్నవన్నీ, అంటే అస్థిపంజరాలు, జాంబీలు, నీడ రూపంలో ఉండే షాడోలు కూడా అందులో పోతాయి. అయితే ఐదో లెవెల్ పార్టీ మీదికి ఉత్త జాంబీలనే పంపే డీఎం ఎవరుంటారు? గూల్‌కు పెద్దన్నలాంటి ఘాస్ట్ ఒకటి గుంపులో ఉంటే చాలు, దానికీ దాని ముప్పై అడుగుల్లో ఉన్న గూల్‌లకూ టర్న్ సేవ్ మీద అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు, వస్తుంది. పైగా నేను చూసినంతలో ఎక్కువ పార్టీలు చచ్చేది రెండో లెవెల్‌కూ నాలుగో లెవెల్‌కూ మధ్యనే. అప్పటికి ఈ నాశనం చేసే శక్తి రానే రాదు.

జాంబీల విషయంలో తెలివంతా వరుసలో ఉంది. హెచ్‌పీ సున్నాకు దిగాక కూడా జాంబీకి ఒక కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్ ఉంటుంది. నెగ్గితే ఒక్క హెచ్‌పీతో నిలబడుతుంది. ఆ సేవ్‌లో అందుకోవాల్సిన అంకె, అంటే డీసీ, ఐదు ప్లస్ తగిలిన దెబ్బ. అంటే చివరి దెబ్బ ఎంత పెద్దదైతే అది లేచే అవకాశం అంత తక్కువ. నాలుగు పాయింట్ల బాకు పోటుతో పడగొడితే డీసీ తొమ్మిది, జాంబీకి మూడు బోనస్ ఉంది కాబట్టి నాలుగింట మూడుసార్లు లేస్తుంది. పద్నాలుగు పాయింట్ల గొడ్డలి వేటుతో పడగొడితే నాలుగింట ఒక్కసారే లేస్తుంది. రేడియంట్ (దైవకాంతి) దెబ్బతో గానీ క్రిటికల్‌తో (పాచికలో ఇరవై పడ్డ దెబ్బతో) గానీ పడితే సేవే లేదు. కాబట్టి చిన్న దెబ్బలవాళ్లు ముందు కొట్టి తగ్గించాలి, ముగించే పని ఫైటర్‌కు గానీ సేక్రెడ్ ఫ్లేమ్ అనే రేడియంట్ స్పెల్ ఉన్నవాళ్లకు గానీ వదలాలి. మా రోగ్ దీనికి ససేమిరా ఒప్పుకోడు. చివరి దెబ్బ తనదే కావాలి.

ఆ రోగ్ గారికి అస్థిపంజరాల దగ్గర పెద్దపీట వేయొచ్చు, ఆయన చిన్నతనం అనుకోకుండా వడిసెల పడితే. అస్థిపంజరానికి మొద్దు దెబ్బ రెట్టింపు తగులుతుంది. వడిసెల రాయి మొద్దు దెబ్బే. దూరం నుంచి వేసే ఆయుధం కాబట్టి దానితో స్నీక్ అటాక్ (రోగ్‌కు ఉండే అదనపు దెబ్బ) కూడా వర్తిస్తుంది, ఆ స్నీక్ అటాక్ దెబ్బ సైతం రెట్టింపవుతుంది. మూడో లెవెల్ రోగ్ గురి కుదిరితే పదమూడు హెచ్‌పీల అస్థిపంజరం దాదాపు ప్రతిసారీ ఒక్క రాయికే కుప్పకూలుతుంది. ధర చూడండి. వడిసెల ఒక వెండి నాణెం, ఇరవై రాళ్లు నాలుగు రాగి నాణేలు. సీసా పవిత్ర జలం ఇరవై ఐదు బంగారు నాణేలు, తగిలితే సగటున ఏడు పాయింట్లు. ఆ సీసా డబ్బుతో ఊరంతటికీ వడిసెలలు కొనొచ్చు. జొన్న చేలల్లో మంచె మీద నిలబడి పిట్టలను తోలిన వడిసెలను తెలంగాణ సాయుధ పోరాటంలో జనం దొరల మనుషుల మీదికి తిప్పారు. అది ఆయుధమని మన ప్రాంతంలో ఒకరికి నిరూపించాల్సిన పని లేకుండా ఉండాలి. అయినా అందరికీ రేపియర్ అనే సన్నకత్తే కావాలి.

గూల్ గురించి ఒక్క మాట చాలు. దాని గోరు తగిలి సేవ్ తప్పితే పక్షవాతం వచ్చినట్టు బిగుసుకుపోతారు. ఎల్ఫ్ జాతి పాత్రలకు మాత్రం ఏమీ కాదు. పార్టీలో ఎల్ఫ్ ఉంటే, అది బక్కపలచని విజార్డ్ అయినా సరే, ముందు నిలబడాలా వద్దా అన్న చర్చ జరగాలి. చర్చ లేకుండా విజార్డ్‌ను ముందుకు నెట్టమని నా ఉద్దేశం కాదు.

అసలు భయపడాల్సింది షాడోకు. సీఆర్ అర అని చూసి కొత్త డీఎంలు నాలుగైదింటిని ఒకేసారి వదులుతారు, పార్టీ తుడిచిపెట్టుకుపోతుంది. షాడో తాకిన ప్రతిసారీ నాలుగు ముఖాల పాచిక వేసి అంత బలం తగ్గించుకోవాలి. బలం సున్నా అయితే చావే, హెచ్‌పీ యాభై మిగిలి ఉన్నా సరే. విజార్డ్ ఆడేవాళ్లలో ఎక్కువమంది బలానికి ఎనిమిది పెట్టి మిగతా పాయింట్లు తెలివికి పోస్తారు. పాచిక అడ్డం తిరిగితే వాళ్లకు రెండు దెబ్బలు చాలు. చనిపోయినవాడు దుర్మార్గుడు కాకపోతే, ఒకటి నుంచి నాలుగు గంటల్లోపు అతని శవం నుంచి కొత్త షాడో లేస్తుంది. మామూలు ఆయుధాలు సగమే తగులుతాయి. నిప్పు, చలి, పిడుగు కూడా సగమే. మసక వెలుతురు దొరికితే బోనస్ యాక్షన్‌తో, అంటే అదే వంతులో అదనపు చర్యగా, దాక్కుంటుంది. నలభై అడుగుల వేగం, పరుగెత్తి తప్పించుకోలేం. రేడియంట్ దెబ్బ మాత్రం రెట్టింపు తగులుతుంది.

ఇక్కడ హీలింగ్ స్పెల్ దేనికీ పనికిరాదు, అది హెచ్‌పీ ఇస్తుంది గానీ బలం ఇవ్వదు. పోయిన బలం తిరిగి రావాలంటే ఒక షార్ట్ రెస్ట్ కావాలి, అంటే గంటసేపు ఎవరూ కదిలించని చోటు. షాడోలు ఉన్నాయని అనుమానం రాగానే పార్టీ వెతకాల్సింది ఆ చోటునే. గడియ వేసుకునే తలుపున్న గది, నాలుగు దిక్కులా కాగడాలు, కాపలాకు ఎవరు ముందు ఎవరు తర్వాత అన్న మాట. కాగడా ధర ఒక్క రాగి నాణెం, ఇంత చవకైన ప్రాణరక్షణ పుస్తకంలో ఇంకోటి లేదు. ఎవరి చేయి ఖాళీగా ఉంది, కాగడా ఎవరు పడతారు అన్నది చూసుకోవాలి. డాలు, కత్తి పట్టిన ఫైటర్‌కు మూడో చేయి ఉండదు. డేలైట్ స్పెల్‌ను నమ్ముకునేవాళ్లకు చిన్న హెచ్చరిక: పేరులో పగలు ఉంది గానీ, అది సూర్యకాంతి అని 2014 పుస్తకం ఎక్కడా చెప్పదు. దానితో షాడో బలహీనపడదు, వాంపైర్ కాలదు.

ఇక ఈ శవాలను లేపేవాడి సంగతి. మన దగ్గర ఈ ఆట ఆడేవాళ్లు కథను స్థానికం చేద్దామనుకోగానే బాణామతి, చేతబడి అంటూ ఊరవతల గుడిసెలో ఒక ముసలమ్మను తెచ్చి పెడతారు. నా బల్ల దగ్గర అది కుదరదు. ఉత్తర తెలంగాణ ఊళ్లలో బాణామతి చేశారన్న అనుమానంతో నిజమైన మనుషులను కొట్టారు, చంపారు. పళ్లు రాలగొట్టిన కేసులున్నాయి. ఆ నిందను ఆటగా మార్చి నలుగురం చిప్స్ తింటూ ఆ ముసలమ్మను చంపడం నాకు చేతకాదు.

మా క్యాంపెయిన్‌లో, అంటే మేం ఆడుతున్న కథలో, శవాలు లేపే నెక్రోమాన్సర్ ఒక దొర. ఊరి మధ్యలో గడీ. పొలంలో పనిచేసేవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు, పిండి విసిరేవాళ్లు అందరూ చచ్చినవాళ్లే. బతికుండగా వెట్టి చేశారు, చచ్చాక కూడా వెట్టి తప్పలేదు. "ఆటల గూడ గీ చరిత్ర పాఠమేంది అన్నా?" అని మా ఫైటర్ మొదట్లో గునిశాడు. "నీ బాంచన్ కాల్మొక్త" అన్న మాట విని పెరిగిన తాతలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. యూరప్ కోటలోని లిచ్ అనే అన్‌డెడ్ మాంత్రికుడి కంటే ఆ దొర మా వాళ్లకు తొందరగా అర్థమయ్యాడు, తొందరగా కోపం తెప్పించాడు. అంతకంటే ముఖ్యంగా, వాళ్లు సిద్ధమయ్యే తీరు మారింది.

ఎలాగంటే, శవాలను లేపే యానిమేట్ డెడ్ మూడో స్థాయి స్పెల్. లేపిన శవం ఇరవై నాలుగు గంటలే మాట వింటుంది. గడువు తీరేలోపు మళ్లీ స్పెల్ వేయాలి, ఒక మూడో స్థాయి స్లాట్‌తో (రోజుకు ఇన్నే అని ఉండే స్పెల్ అవకాశంతో) నాలుగింటి మీద మాత్రమే పట్టు నిలుస్తుంది. ఐదో లెవెల్ విజార్డ్‌కు అలాంటి స్లాట్లు రెండు. విరామంలో ఒకటి తిరిగి తెచ్చుకున్నా మూడు. అంటే పన్నెండు శవాలకు మించి అతను రోజు మీద రోజు అదుపులో పెట్టలేడు, అన్నీ పెడితే వేరే పెద్ద స్పెల్ వేయడానికి చేతిలో ఏమీ మిగలదు. గడీ చుట్టూ ఒకరోజు తిరిగి కూలీలను లెక్కపెడితే దొర ఎంతటివాడో దాదాపు తెలిసిపోతుంది. అతని నిద్ర చెడగొట్టినా, స్లాట్లు మన మీద ఖర్చు పెట్టించినా మర్నాటికి పట్టు జారుతుంది. ఇందులో తిరకాసూ ఉంది. పట్టు జారిన జాంబీలు విముక్తి పొందవు, ఎదురొచ్చిన బతికున్న ప్రాణినల్లా కొడతాయి. పక్కనే ఊరుంది. ముందుగా ఊళ్లోవాళ్లను ఎక్కడికి పంపాలి అన్నది కూడా యుద్ధానికి సిద్ధం కావడంలో భాగమే. ఇందులో క్లెరిక్ స్పెల్ ఒక్కటీ అక్కర్లేదు.

ముట్టడి వేద్దాం అన్నాడు మా విజార్డ్. తిండి అవసరం లేనివాళ్లను ముట్టడించి ఏం లాభం? ఆకలి వేసేది దొరకు ఒక్కడికే, అతనికి ధాన్యం గాదెలు నిండా ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడి కాచుకోవడం మాత్రం పనికొస్తుంది. వరంగల్ కోట రాతి గోడ ద్వారాల్లోంచి నడిచినవాళ్లకు తెలుసు, దారి తిన్నగా పోదు, లోపల మలుపు తిరుగుతుంది. దూసుకొచ్చే గుంపు ఆ మలుపులో ఇద్దరిద్దరుగా విడిపోవాలి. నేను గడీ వాకిలిని అచ్చం అలాగే గీశాను, మా వాళ్లు గుర్తుపట్టడానికి అట్టే సమయం పట్టలేదు. జాంబీ వేగం ఇరవై అడుగులు, మనిషిది ముప్పై. మలుపు వెనక నిలబడి కొట్టి, వెనక్కి జరిగి, మళ్లీ కొట్టొచ్చు.

దయ్యం, అంటే ఘోస్ట్, వేరే లెక్క. దాని భయంకర రూపం చూసి సేవ్ బాగా తప్పినవాడికి పదేళ్ల నుంచి నలభై ఏళ్ల దాకా వయసు మీద పడుతుంది. గ్రేటర్ రిస్టొరేషన్ అనే స్పెల్‌తో ఇరవై నాలుగు గంటల్లోపు తిప్పాలి, లేదంటే అంతే. ఆ స్పెల్ క్లెరిక్‌కు తొమ్మిదో లెవెల్‌లో గానీ రాదు. కాబట్టి ఒక రోజు ప్రయాణంలో ఆ స్పెల్ వేయగల గుడి ఏదైనా ఉందా, వాళ్లు ఎంత అడుగుతారు అన్నది దయ్యం ఇంట్లోకి అడుగుపెట్టక ముందే కనుక్కోవాలి. ఘోస్ట్‌ను కత్తితో తరిమే కంటే దాని తీరని పని తీర్చడం మేలని పుస్తకమే చెబుతుంది. మా గడీలో దయ్యం ఒక పనిమనిషి, ఆమె పేరు ఎవరికీ గుర్తులేదు. పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చే ఊళ్లో, పేరే తెలియని చచ్చినవాళ్లకు ఎవరు ఇస్తారు? మా క్లెరిక్ చెల్లె ఒక సెషన్ మొత్తం ముసలివాళ్ల ఇళ్లు తిరిగి ఆమె పేరు వెతికింది. పాచికలు పెద్దగా కదల్లేదు. ఆ రాత్రి ఎవరూ ఫోన్ చూసుకోలేదని మాత్రం గమనించాను.

"ఇవన్నీ ఆటగాళ్లకు ముందే తెలిస్తే భయం ఏం మిగుల్తది?" అని అడిగే డీఎంలున్నారు. వైట్ అనే అన్‌డెడ్ తాకితే గరిష్ఠ హెచ్‌పీయే తగ్గొచ్చని తెలిసినవాడు తెలియనివాడి కంటే ఎక్కువ భయపడతాడు, నేను చూసింది అదే. తెలియకుండా చచ్చినవాడికి భయం రాదు, కోపం వస్తుంది, అదీ డీఎం మీద. పుస్తకంలోని అంకెలు బల్ల మీద చదివి వినిపించమని నేననను. కాపరి చెప్పాలి, పాత సమాధి మీద బొమ్మ చెప్పాలి, తప్పించుకొచ్చిన కూలీ చెప్పాలి. పార్టీ కష్టపడి సంపాదించిన సమాచారాన్ని వమ్ము చేయడానికి రాత్రికి రాత్రి రాక్షసుల హెచ్‌పీ పెంచే డీఎం మీద నాకు సానుభూతి లేదు.

ఇక అందరూ తప్పించుకునే చర్చ: మనలో ఒకరు చస్తే శవాన్ని ఏం చేయాలి? వైట్ తాకి ప్రాణం పోయినవాడు ఇరవై నాలుగు గంటల తర్వాత దాని బానిస జాంబీగా లేస్తాడు, బతికించకపోతే లేదా శవాన్ని నాశనం చేయకపోతే. జెంటిల్ రిపోజ్ అనే స్పెల్ వేస్తే పది రోజుల దాకా శవం అన్‌డెడ్‌గా మారదు. ఆ స్పెల్ ఎవరి దగ్గర ఉంది? లేకపోతే కాల్చడానికి నూనె ఉందా? మోయగల బలం ఎవరికుంది? బలాన్ని పదిహేనుతో గుణిస్తే మోయగల పౌండ్లు వస్తాయి. పదహారు బలమున్న ఫైటర్ రెండు వందల నలభై మోస్తాడు. షాడోలు అతన్ని తొమ్మిదికి దింపితే నూట ముప్పై ఐదే. చనిపోయినవాడి ఒంటి మీద చెయిన్ మెయిల్ ఒక్కటే యాభై ఐదు పౌండ్లు. మోయలేక ఈడిస్తే వేగం ఐదు అడుగులకు పడిపోతుంది, వెనక జాంబీలు ఇరవై అడుగుల చొప్పున వస్తుంటాయి. కవచం విప్పడానికి ఐదు నిమిషాలు, ఇద్దరు పట్టినా అందులో సగం.

మా బల్ల దగ్గర ఇప్పుడు ప్రతి క్యారెక్టర్ షీట్ వెనక ఒక వాక్యం రాసి ఉంటుంది, తను చస్తే ఏం చేయాలో. క్లెరిక్ తనను కాల్చమంది. ఫైటర్ తన కత్తి చెల్లెకు ఇవ్వమన్నాడు, శవం సంగతి రాయలేదు. రోగ్ "ముందు జేబులు చూడుండ్రి" అని రాశాడు. పాలడిన్ ఆడే అన్నకు వచ్చే శనివారం కాజీపేటలో నైట్ డ్యూటీ, రాలేనన్నాడు. పాలడిన్ కొట్టే దైవశక్తి దెబ్బ స్మైట్ లేకుండా గడీలోకి పోవాలా, ఇంకో వారం ఆగాలా అని మా గ్రూపులో ఇంకా తగువు నడుస్తూనే ఉంది. ఈలోపు రోగ్ వడిసెల కొన్నాడు.